పరీక్ష బాట్లకు పెట్టిండ్రు, ఫెయిలయ్యేది మా ఊరోళ్లు

"నేను రోబో కాదు" అని మనిషే రుజువు చేసుకోవాల్నట. వంకర అక్షరాలు చదువుమని, బొమ్మలు గుర్తుపట్టుమని సైట్లు పెట్టే ఈ క్యాప్చా పరీక్షల మీద నాకున్న కోపమంతా ఇయ్యాల రాస్తున్న. పొడుగైతది, ఓపిక చేసుకొని చదువుండ్రి.

బాట్లు, అంటే మనిషి లెక్క సైట్లల్ల దూరే కంప్యూటర్ ప్రోగ్రాములు, లేవని నేననను. హన్మకొండల ఆన్‌లైన్ సెంటర్ నడిపేటోణ్ని. పొద్దుగాల పది గంటలకు ఏసీ తత్కాల్, పదకొండుకు స్లీపర్ తెరుసుకున్నప్పుడు ఏం జరుగుతదో చూస్తనే ఉంట. తత్కాల్ మొదలైన మొదటి ఐదు నిమిషాల్ల వచ్చే లాగిన్ ప్రయత్నాలల్ల సగం దాకా బాట్లవేనని 2025ల రైల్వే శాఖనే చెప్పింది. రెండున్నర కోట్ల అనుమానపు ఐడీలు తీసేసింది. కాజీపేటల ఎక్కి దూరం పోవాల్సిన కూలీకి వెయిటింగ్ లిస్టు మిగులుతున్నదంటే అందుల ఆ బాట్ల పాపం గూడ ఉన్నది. కాపలా ఉండాల్సిందే. కానీ ఈ కాపలాదారు దొంగను లోపలికి పంపి, ఇంటాయన్ను గేటుకాడ నిలబెడుతున్నడు.

ఒకప్పుడు దీనికి అర్థం ఉండె. 2000 సంవత్సరం దాపుల అమెరికాల కార్నెగీ మెలన్ యూనివర్సిటీల లూయిస్ వాన్ ఆన్, మాన్యుయెల్ బ్లమ్, వాళ్ల తోటోళ్లు క్యాప్చా అని పేరు పెట్టిన రోజుల్ల వంకర అక్షరాలు చదువుడు కంప్యూటర్‌కు నిజంగనే కష్టం. 2014 కల్లా గూగుల్ తన యంత్రమే అట్లాంటి అక్షరాలల్ల బాగా కష్టమైనయి గూడ 99.8 శాతం సరిగ్గ చదువుతున్నదని చెప్పింది. 2023ల అమెరికాల అర్వైన్‌ల ఉన్న కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు పోల్చి చూసిండ్రు: వంకర అక్షరాలకు మనుషులకు 9 నుంచి 15 సెకన్లు పడుతున్నది, సరిగ్గ కొట్టేది 50 నుంచి 84 శాతం. బాట్లకు సెకను గూడ పట్టదు. మరుసటేడు జ్యూరిక్‌ల ఈటీహెచ్ యూనివర్సిటీ వాళ్లు బొమ్మల పరీక్షను గూడ యంత్రంతోటి పూర్తిగ దాటించిండ్రు. యంత్రం చేతగాకపోతే వెయ్యి క్యాప్చాలకు ఒకటి రెండు డాలర్లిచ్చి మనుషులతోటే కొట్టిచ్చే సంస్థలున్నయి. ఇగ ఈ పరీక్షల ఫెయిలయ్యేది ఎవరు?

నా సెంటర్‌కు వచ్చేటోళ్లు. ఇంగ్లిష్ అక్షరాలు రానోళ్లు, కండ్లల్ల శుక్లాలొచ్చినోళ్లు. సున్నానా, ఓ అక్షరమా? చిన్న ఎల్లా, పెద్ద ఐయా? నాకే తెల్వదు కొన్నిసార్లు. ఫైర్ హైడ్రెంట్, అంటే మంటలార్పనీకి రోడ్డు పక్కన పెట్టే నీళ్ల పంపు, ఉన్న గడులన్నీ నొక్కుమంటది, మా ఎనుమాముల రోడ్డు మీద అదెక్కడుంటది? రెండుసార్లు తప్పు పోయేసరికి ఓటీపీ గడువు అయిపోతది, నింపిన ఫారమంతా పోతది.

అప్పుడు ఆ పెద్దమనిషి ఏం చేస్తడు? "నువ్వే కొట్టు బిడ్డా" అని ఫోను నా చేతిల పెట్టి చాయ్ తాగనీకి పోతడు. ఆధార్ నంబరు, పాస్‌వర్డు, ఓటీపీ అన్నీ నా ముంగటనే. ఎవ్వరికీ ఓటీపీ చెప్పొద్దని బ్యాంకులు మెసేజీల మీద మెసేజీలు పంపుతయి, ఇక్కడ ఈ పరీక్ష దాటాలంటే ఇంకొకరికి చెప్పక తప్పుతలేదు. నేను సక్కగున్న కాబట్టి సరిపోయింది. అందరు నడిపేటోళ్లు అట్లనే ఉంటరా? భద్రత పేరు చెప్పి మనుషులను ఇంత నిస్సహాయులను చేసుడు నాకు అస్సలు నచ్చదు.

చూపు లేనోళ్ల సంగతి ఇంకా అన్యాలం. అక్షరాలు చదివి వినిపించే శబ్దం బటను చాలా సైట్లల్ల ఉండనే ఉండదు, ఉన్నకాడ గరగర మోతల ఇంగ్లిష్ వినిపిస్తది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. కేవైసీల కండ్లు ఆర్పి చూపుమనే పరీక్ష యాసిడ్ దాడి బాధితులకు, చూపు లేనోళ్లకు సాధ్యం కాదని వాళ్లే కోర్టుకు పోయిండ్రు. డిజిటల్ సేవలు అందుడు 21వ అధికరణం కింద జీవించే హక్కుల భాగమని కోర్టు చెప్పింది. కండ్లు ఆర్పే పరీక్షకు చెప్పిన న్యాయం వంకర అక్షరాల పరీక్షకు వర్తించదా?

వేరే దారులు లేక కాదు. మనిషికి కనపడని ఒక ఖాళీ గడి ఫారంల పెడితే బాటు దాన్ని గూడ నింపి దొరికిపోతది. రెండు సెకన్లల్ల ఇరవై గడులు నిండితే అది మనిషి కాదు. ఒకే ఇంటర్నెట్ చిరునామా నుంచి నిమిషానికి వందలసార్లు తలుపు కొడితే అక్కడ ఆపొచ్చు. గట్టి బాట్లు వీటిని గూడ దాటుతయి, నాకు తెలుసు. అందుకే అనుమానం వచ్చినోళ్లకే పరీక్ష పెట్టుమంటున్న, వచ్చిన ప్రతి ముసలామెకు కాదు.

నిట్ వరంగల్‌ల, కాకతీయ యూనివర్సిటీల కంప్యూటర్లు చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది రేపు ఇట్లాంటి సైట్లే కడుతరు. కట్టినంక తెర ఆర్పేసి, తెర మీది రాతలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఒక్కటి పెట్టుకొని మీ ఫారం మీరే నింపి చూడుండ్రి. శబ్దం తెలుగుల పెట్టుండ్రి. ఓటీపీ గడువు పెంచుండ్రి, క్యాప్చా తప్పైనా నింపిన వివరాలు పోకుండ చూడుండ్రి.