లారీలో పోయేది ఎరువా, నీళ్లా?

తణుకు, అనపర్తి చుట్టుపక్కల లేయర్ (గుడ్ల కోళ్ల) షెడ్ల కింద కోళ్ల ఎరువు నెలల తరబడి కుప్పలు పడి ఉంటుంది. అక్కడికి డెబ్బై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉన్న జంగారెడ్డిగూడెం మెట్టలో రైతు డీఏపీ బస్తా కోసం ఎదురుచూస్తుంటాడు. ఆ కోళ్ల ఎరువు ఇక్కడికి రాకపోవడానికి రైతులో అవగాహన లేకపోవడమే కారణమంటారు. రైతుకు లెక్క తెలియక కాదు, బాగా తెలిసే కొనడం లేదు.

బాగా ఆరిన టన్ను ఎరువులో సుమారు 30 కిలోల నత్రజని, 26 కిలోల భాస్వరం, 14 కిలోల పొటాష్ ఉంటాయి. 45 కిలోల యూరియా బస్తా 266.50 రూపాయలు. అంటే కిలో నత్రజని 13 రూపాయల లోపే. డీఏపీ బస్తా 1,350. అందులోని నత్రజని ఖరీదు తీసేస్తే కిలో భాస్వరం 54 దాకా పడుతుంది. ఆ ధరలకు కడితే టన్ను ఎరువులో భాస్వరం విలువ 1,400, నత్రజని విలువ నాలుగు వందలు కూడా లేదు. పొటాష్‌ను కొసరు అనుకుంటే మొత్తం 1,800.

ఇది ఆరిన సరుకు మాట. బ్రాయిలర్ (మాంసం కోళ్ల) షెడ్డులో నేల మీది లిట్టర్‌లో, అంటే పెంట కలిసిన పరుపులో, ఊక ఉంటుంది కనుక తేమ 25 శాతం దగ్గర ఆగుతుంది. లేయర్ కేజీల కింద పడే తాజా పెంటలో 70 శాతం పైనే. పది టన్నుల లారీ ఎత్తితే ఏడు టన్నులు నీళ్లే! టన్ను విలువ 700కు పడిపోతుంది. కిరాయి, ఎత్తుకూలి, దింపుకూలి, చల్లించే ఖర్చు అన్నీ కలిపి టన్నుకు వెయ్యి అయిందనుకోండి. పొడి సరుకు మీద 800 మిగులుతుంది, పచ్చి సరుకు ఉచితంగా ఇచ్చినా 300 నష్టం. ఎరువు ఎంత దూరం పోవాలో తేల్చేది షెడ్డులో కోళ్లు నీళ్లు తాగే నిపుల్, అది కారితే. ఒక్కటి కారినా దాని కింద కుప్ప జావ అయిపోతుంది, ఈగలు ముసురుతాయి. కారే నిపుళ్లు మార్చి, కుప్పలో ఊక కలిపి, తిరగేస్తూ ఆరబెట్టాలి. తిరగేస్తే కొంత నత్రజని అమ్మోనియాగా పోతుంది, నిజమే. ఇప్పటి ధరకు పోయేది చిల్లర, తగ్గేది కిరాయి.

దగ్గర్లోని వరి చేలకే చల్లితే పోదా అంటారా? ఏళ్ల తరబడి డీఏపీ తిన్న డెల్టా నేలల్లో భాస్వరానికి కొరత లేని పొలాలు బోలెడు. వరికి కావలసిన నత్రజని అంతా కోళ్ల ఎరువుతోనే ఇద్దామని ఎకరాకు రెండున్నర టన్నులు వేస్తే 65 కిలోల భాస్వరం పడుతుంది. సిఫార్సు 24 కిలోలే. మోతాదు భాస్వరాన్ని బట్టే కట్టాలి. ఎకరాకు టన్ను చాలు, అది ఒక డీఏపీ బస్తాకు బదులు. మిగిలిన నత్రజని యూరియాగా వేసుకోవాల్సిందే. నాటడానికి మూడు వారాల ముందే చల్లి, ఆ రోజే రోటవేటర్‌తో కలియదున్నాలి. పచ్చి పెంట వేసి వెంటనే నారు పెడితే వేర్లు మాడతాయి. ఎండలో పైపైన వదిలేస్తే అమ్మోనియా గాలిపాలు.

మట్టికి సేంద్రియ కర్బనం ఇచ్చే ఎరువును బస్తాల ధరతో తూచడమేమిటని సేంద్రియ వాదులు కోప్పడతారు. కర్బనం విలువైనదే. కానీ లారీ డ్రైవరు కిరాయి కర్బనంలో తీసుకోడు.

అసలు తిరకాసు యూరియా ధరలో ఉంది. 2023లో కేంద్రం చెప్పిన లెక్క ప్రకారమే బస్తా అసలు ఖర్చు దాదాపు 2,200. ఆ ధరకు కడితే టన్ను కోళ్ల ఎరువులో నత్రజని ఒక్కటే 3,100 దాటుతుంది. మనం బస్తాకు ఇచ్చే రాయితీయే కోళ్ల ఎరువును షెడ్డు దాటకుండా కట్టేస్తోంది. 2010లో ఎరువులోని పోషకాలను బట్టి రాయితీ ఇచ్చే పోషకాల ఆధారిత సబ్సిడీ తెచ్చినప్పుడు యూరియాను బయట ఉంచిన పాపం ఇది. అదే 2023లో సేంద్రియ ఎరువుకు టన్నుకు 1,500 మార్కెటింగ్ సాయం ప్రకటించారు, అదీ పేడ, చెత్త నుంచి గ్యాస్ తీసే గోబర్‌ధన్ పథకం బయోగ్యాస్ ప్లాంట్ల నుంచి వచ్చిన సరుకుకే. షెడ్డు నుంచి నేరుగా పొలానికి పోయే ఎరువుకు దమ్మిడీ లేదు. ఆ 1,500లో సగం, తేమ 30 శాతం లోపు ఉన్న సరుకుకు రవాణా సాయంగా ఇచ్చినా మెట్ట దాకా లారీలు కదులుతాయి.

సాయం ఇచ్చినా కొనేదెవరు? గోదావరి జిల్లాల్లో అరక పట్టేది ఎక్కువగా కౌలు రైతే. కోళ్ల ఎరువు సత్తువ ఒక్క పంటతో తీరదు, రెండో ఏడూ మూడో ఏడూ అందుతుంది. పై ఏడు ఈ పొలం తనకే ఇస్తారో లేదో తెలియనివాడు యజమాని నేలకు సొంత డబ్బుతో బలం ఎందుకు పెడతాడు? నెలలో తినేసే యూరియాయే అతనికి గిట్టుబాటు. రాష్ట్రంలో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు రైతుకు ఇచ్చే సాగు హక్కు కార్డు గడువు 11 నెలలు, దానికీ యజమాని సంతకం కావాలి. మట్టి ఆరోగ్యం మీద సభలు పెట్టేవాళ్లు ముందు ఆ సంతకం షరతు ఎత్తేసి, గడువు మూడేళ్లు చేయించాలి.