గోడ మీది అల్లుడు గారికి

మహారాజశ్రీ వైఫై రౌటర్ గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేము క్షేమం. అక్కడ, అంటే మా టీవీకి జానెడు పైన రెండు మేకుల మీద, తమరూ క్షేమమేనని పచ్చ దీపాలను బట్టి తెలుస్తోంది. ఒకే గదిలో ఉంటూ ఉత్తరం రాయడం ఏమిటని అనుకోవద్దు. నిన్న మధ్యాహ్నం నుంచి ఎదురుగా కూర్చుని మాట్లాడదామనే ప్రయత్నించాను. యూజర్ నేమ్ ఏమిటన్నారు, పాస్‌వర్డ్ ఏమిటన్నారు, చెబితే రెండూ తప్పన్నారు.

ఇల్లరికపు అల్లుణ్ణి తెచ్చుకున్న మామగారు ఎలా బతుకుతారో తమరు వచ్చాకే నాకు తెలిసింది. గోడ మాది, కరెంటు మాది, నెల తిరిగేసరికి బిల్లు మాది. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద మొదటి హక్కు మాత్రం తమరిది. ఫ్యాను ఆగినా ఫరవాలేదు, తమరు ఆగకూడదని మా అమ్మాయి తీర్మానం. ఇంత సేవ చేయించుకుంటూ, నన్ను చూడగానే ‘మీరెవరు?’ అంటారు.

అసలు పని చాలా చిన్నది. వేసవిలో మా నాన్నగారి సహస్ర చంద్ర దర్శనం చేశాం. వచ్చిన బంధువులు కాఫీ కంటే ముందు వైఫై పాస్‌వర్డ్ అడిగారు. అది మా పాత ల్యాండ్‌లైన్ నంబరే కాబట్టి సగం మందికి అడిగే అవసరం కూడా రాలేదు. షామియానా వేసినవారికీ, వంట మేస్త్రికీ, ఆయన వెంట వచ్చిన కుర్రాళ్లకూ నాన్నగారే పిలిచి మరీ చెప్పారు. అందరూ భోంచేసి వెళ్లిపోయారు గానీ మా వీధిలోనే ఉండేవాళ్లు వైఫైలోంచి వెళ్లలేదు. రాత్రి తొమ్మిదయ్యేసరికి అమ్మాయి చూసే సినిమా బొమ్మ ఆగిపోయి చక్రం తిరుగుతోంది. పాస్‌వర్డ్ మార్చేస్తాను, పది నిమిషాల పని అని మా ఆవిడతో అన్నాను. ఆ మాటను ఆవిడ నిన్నటి నుంచి ఏడుసార్లు గుర్తు చేసింది.

ముందు తమరి చిరునామా సంగతి. 192.168.1.1. దీని మీద నాకు కోపం లేదు. ఉన్న దాదాపు 430 కోట్ల చిరునామా అంకెలు లోకమంతటికీ చాలవని, 1990లలో ఇంటర్నెట్ పెద్దలు మూడు వరుసలను ఇళ్ల లోపలా ఆఫీసుల లోపలా వాడుకోవడానికి పక్కన పెట్టారు. 192.168 వాటిలో ఒకటి. మనకు ప్రతి ఊళ్లోనూ రామాలయం వీధి ఉన్నట్టే ఇదీనూ. ఊరి పేరు లేకుండా ‘రామాలయం వీధి, ఒకటో నంబరు ఇల్లు’ అని కార్డు రాస్తే ఏ పోస్ట్‌మన్ మాత్రం ఎక్కడికి తీసుకెళ్తాడు? ఏ ఊరివాడు ఆ ఊళ్లోనే వెతుక్కోవాలి. చక్కటి ఏర్పాటు.

కానీ ఆ అంకెలు రాసిన స్టిక్కరును తమరి వీపున, గోడవైపు అంటించిన మహానుభావుడెవరో! తమరిని మేకుల మీంచి దించి, ఆవగింజంత అక్షరాలను ఫోను కెమెరాతో పెద్దవి చేసి చదువుతుంటే, వెనకనున్న ఫైబర్ తీగ కాస్త మడత పడింది. గాజు తీగ కదా, ఎక్కువ వంగితే లోపలి వెలుగు పక్కలకు పోతుంది. తమరు వెంటనే కళ్లెర్ర చేశారు. లోపలి గదిలో ఆఫీసు మీటింగులో ఉన్న అమ్మాయి బయటికి వచ్చి నావైపు చూసిన చూపు తమరి ఎర్ర దీపం కంటే ఎర్రగా ఉంది.

తీగ సరిచేసి, చివరి ఒకటిని ఇంగ్లిషు ఎల్ అక్షరమనుకుని కొట్టాను. బ్రౌజరు అదేదో వెతకమన్నాననుకుని పుటలు పుటలు నా ముందు పోసింది. అన్నీ రౌటర్‌లోకి ఎలా వెళ్లాలో చెప్పే పాఠాలే. ఇన్ని పాఠాలు ఉన్నాయంటే, నాలాగా తలుపు బయట నిలబడ్డవాళ్లు లోకంలో ఎందరున్నారో! చిరునామా సరిగ్గా కొట్టాక ఇంకో విడ్డూరం. ‘ఈ కనెక్షన్ సురక్షితం కాదు’ అని ఎర్ర హెచ్చరిక వచ్చింది. పడకగది నుంచి హాలుకు పన్నెండు అడుగులు. ఆ పన్నెండు అడుగుల్లో దారిదోపిడీ జరుగుతుందట. విచారిస్తే తేలింది, తమరి గుర్తింపు పత్రం మీద తమరే సంతకం చేసుకున్నారని. తన ఆదాయ ధ్రువీకరణ పత్రం మీద తానే తహసీల్దారుగా సంతకం పెట్టుకున్నవాణ్ణి ఎవరు నమ్ముతారు?

స్టిక్కరు మీద యూజర్ నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మిన్ అని ఉంది. అదే కొట్టాను. తప్పన్నారు. మొదటి అక్షరం పెద్దది చేసి కొట్టాను, తప్పన్నారు. మూడోసారి తప్పయ్యాక కాసేపు ఆగి రమ్మన్నారు. మా ఆవిడ పిన్నీసు తెచ్చి ఇచ్చింది, వెనకనున్న సన్నటి రంధ్రంలో గుచ్చి పది సెకన్లు పట్టుకుంటే అన్నీ మొదటికి వస్తాయని ఎక్కడో చదివిందట. గుచ్చబోతుంటే అమ్మాయి చెయ్యి పట్టుకుంది. కనెక్షన్ ఇచ్చినవాళ్లు లోపల పెట్టిన పేరూ పాస్‌వర్డూ కూడా దాంతోపాటే తుడిచిపెట్టుకుపోతాయని, అవి మన దగ్గర లేవని చెప్పింది. నిజమే, ఇంటి తాళం పోయిందని బీరువా తాళం కూడా బావిలో పడేసుకోవడమే అది.

చివరికి కనెక్షన్ ఇచ్చినవారి కుర్రాడికే ఫోను చేశాను. అది కస్టమర్లకు ఇవ్వరు సార్ అన్నాడు. మూడోసారి బతిమాలితే సాయంత్రం వచ్చాడు. కంప్యూటర్ ముందు కూర్చుని, ‘కొంచెం అటు తిరగండి సార్’ అన్నాడు. కిటికీ వైపు తిరిగాను. నా ఇంట్లో, నా కుర్చీ పక్కన, నా కంప్యూటర్‌కు వీపు పెట్టి నిలబడి, ఎదురింటి డాబా మీద ఆరేసిన వడియాలు లెక్కపెట్టాను. పదకొండు వరుసలు. పని అయ్యాక కాఫీ తాగుతూ అతనికే జాలి కలిగి, పాస్‌వర్డ్ చెప్పేశాడు. చెప్పి, ‘బయట ఎవరికీ చెప్పకండి సార్, మన ఏరియా మొత్తానికి ఇదే’ అన్నాడు.

అల్లుడు గారూ, ఇక్కడే నా కడుపు మండింది. 2016లో మిరాయ్ అనే కంప్యూటర్ పురుగు తమరి జాతివాళ్లనూ, నిఘా కెమెరాలనూ లక్షల్లో లోబరుచుకుంది. దాని దగ్గర మంత్రదండం ఏదీ లేదు. కంపెనీలు పెట్టి వదిలేసిన పేర్లూ పాస్‌వర్డులూ 60కి పైగా జంటలు రాసుకుని, తలుపు తలుపూ తడుతూ వాటినే ఒక్కొక్కటిగా చెప్పి చూసేది. ఆ ఏడాది అక్టోబరు 21న అలా పోగైన సైన్యం, వెబ్‌సైట్ల పేర్లు చెబితే వాటి అంకెల చిరునామాలు వెతికిపెట్టే డిన్ అనే సంస్థ మీద పడితే, ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో చాలామందికి గంటల తరబడి అందలేదు. ఆ పురుగును తయారుచేసిన ముగ్గురు యువకులు మరుసటి ఏడాది డిసెంబరులో కోర్టులో నేరం ఒప్పుకున్నారు. తర్వాత 2020 జనవరి నుంచి కాలిఫోర్నియాలో, 2024 ఏప్రిల్ 29 నుంచి బ్రిటన్‌లో, ఇలా ఊరందరికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి అమ్మకుండా చట్టాలు వచ్చాయి. అంటే, ముక్కూ మొహం తెలియని పరాయివాడు అడ్మిన్ అంటే పరుగున వెళ్లి తలుపు తీసిన వంశం తమరిది. ఆ మాటే నేనంటే తప్పయింది.

సరే, లోపలికి వచ్చాను. తమరి అంతఃపురం నాకేమీ అర్థం కాలేదని ఒప్పుకుంటున్నాను. కనెక్ట్ అయినవాళ్ల పట్టిక ఒక్కటే తెలిసింది. మా ఇంటి సామాను తొమ్మిది, పంక్తిలో విస్తళ్లు ఇరవై మూడు.

పాస్‌వర్డుతోపాటు వైఫై పేరు కూడా తెలుగులో మా ఇంటి పేరు పెడదామని ఆశపడ్డాను. ఆ పేరుకు 32 బైట్ల చోటే ఉంటుంది. తెలుగులో హల్లుకూ, గుణింతానికీ, వత్తు కలిపే గుర్తుకూ, సున్నకూ విడివిడిగా తలా 3 బైట్లు పడతాయి. వేళ్ల మీద లెక్కపెట్టాను. ‘శ్రీనివాసం’కు సరిగ్గా 30. ‘శ్రీ వేంకటేశ్వర నిలయం’ అని పెట్టుకున్న పక్కింటివారికి ఈ అదృష్టం లేదు కదా అని లోలోపల మురిసిపోయాను కూడా. తమరు ‘చెల్లని అక్షరాలు’ అన్నారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసేసరికి, చాలాసేపు కదలలేదని నన్ను బయటికి పంపేసి, మళ్లీ యూజర్ నేమ్ అడిగారు.

చిట్టచివరికి కొత్త పాస్‌వర్డ్ కొట్టి సేవ్ నొక్కాను. నొక్కిన మరుక్షణం నేనే తెగిపోయాను. వైఫై మీద కూర్చుని వైఫైని నరికానని ఆలస్యంగా తెలిసింది. ఇక టీవీలో రిమోట్ బాణాలతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పద్నాలుగు అక్షరాలు. గేటు దగ్గరి కెమెరాకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తప్ప మరోటి తెలియదు, దానికి విడిగా అరగంట. నాన్నగారి ట్యాబ్‌కు ఆయన్నే కొట్టుకోమన్నాను, ఆఖరి ఆరోగ్యకరమైన నిర్ణయం అనుకుని.

అదే దెబ్బతీసింది. పద్నాలుగు అక్షరాలూ నాన్నగారికి కంఠతా వచ్చేశాయి. ఈ ఉదయం పేపరు కోసం దిగి వచ్చిన పై అంతస్తు బాబాయిగారికి ఒకసారి, రాజమండ్రిలో ఉన్న అత్తయ్యకు ఫోనులో మరోసారి, ‘దసరాకు వచ్చినప్పుడు అడగాల్సిన పని లేదు, రాసుకో’ అంటూ పంచాంగ శ్రవణంలా వినిపించారు. విస్తళ్లు మళ్లీ పన్నెండుకు చేరాయి.

అందుచేత రేపు మళ్లీ తమరి గుమ్మంలోకి రావలసి ఉంటుంది. కాస్త గుర్తుపట్టండి.

ఇట్లు,
తమరు నిన్న 192.168.1.14 అనీ, ఈ రోజు 192.168.1.7 అనీ పిలుస్తున్న,
తమరి కరెంటు బిల్లు కట్టేవాడు