అరిష్టం తాగానవ్వా!

రెండు నెలలుగా ఒకటే నీరసం. ఇంటికొచ్చి చెప్పులు విప్పే ఓపిక కూడా లేక, వాటితోనే మంచం మీద వాలిపోతున్నాను. అది చూసి మా ఆవిడ అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మొక్కేసుకుంది. నా తరఫున. 3,550 మెట్లు, 9 కిలోమీటర్లు.

పరుగున మందుల షాపుకెళ్లాను. షాపాయన నా మొహమైనా చూడకుండా ద్రాక్షారిష్టం అనే ఆయుర్వేదం మందు సీసా చేతిలో పెట్టి, ఫోన్లో మాట్లాడుతూనే మూడు వేళ్లు చూపించాడు. మూడు మూతలో, మూడు పూటలో, మూడు వందలో! నేను మూతలే అనుకున్నాను. తెల్లవారుజామున మెట్ల దగ్గర, పరగడుపున, చుక్క నీళ్లు కలపకుండా మూడు మూతలూ పట్టించేశాను. నాలుగో మూతంత చొక్కా తాగింది.

యాభై మెట్లకే ఆయాసం. ప్రతి మెట్టుకీ పసుపు, కుంకుమ పెట్టుకుంటూ వస్తున్న ఒక అవ్వ పక్కన ఆగాను. ఆమె చెయ్యి ఆగింది. ముక్కు రెండుసార్లు ఎగబీల్చింది.

"ఏం నాయనా, కొండకొచ్చేటప్పుడన్నా మానుకోలేవా?"

ఇక్కడ కాస్త మందు సంగతి చెప్పాలి. ద్రాక్ష కషాయంలో బెల్లం, ధాతకీ పువ్వులు వేసి పులియబెడితే అయ్యేదే ఇది. పులిసేటప్పుడు ఆల్కహాల్ దానంతటదే పుడుతుంది, ఎవరూ పొయ్యరు. భోజనమయ్యాక, సమానంగా నీళ్లు కలుపుకుని తాగాలట. ఇదంతా సీసా మీద రాసే ఉంది, చీమ తన చెల్లెలికి ఉత్తరం రాసినంత అక్షరాల్లో.

"అయ్యో, తాగలేదవ్వా! అరిష్టం!"

అవ్వ రెండు చెంపలూ వాయించుకుంది. "సామి మెట్ల మీద నిలబడి అరిష్టం అంటావేందిరా! నోరు కడుక్కో ముందు!"

"అది కాదవ్వా, మందు!"

"నేనూ అదే కదరా అంటా ఉండేది!"

టానిక్ అంటే సరిపోయేది. చిన్నప్పటి నుంచీ వాడుతున్న ఆ మూడక్షరాల మాట ఆ నిమిషంలో ఏ గుళ్లో దాక్కుందో! వెనక గోవిందలు కొడుతూ వస్తున్న గుంపు గోవిందలు ఆపి మరీ నిలబడింది. నిరూపించుకుందామని సంచిలోంచి సీసా తీశాను. అదింకా పెద్ద తప్పు. కొండకు సీసా కూడా మోసుకొస్తున్నాడని ఎవరో అన్నారు. చివరికి ఒక కుర్రాడి చేతికిచ్చి, "బాబూ, చదివి చెప్పు" అన్నాను. వాడు సెల్ ఫోన్ లైటు వేసి, కళ్లు చికిలించి, అందరికీ వినబడేలా చదివాడు.

"ఆల్కహాల్, 5 నుంచి 10 శాతం. ఆల్కహాలే అవ్వా!"

మా ఆవిడ కోసం చూశాను. ఇరవై మెట్ల పైన, ఎవరో తెలియనట్టు, చెట్లకేసి మహా భక్తిగా చూస్తోంది.

మిగతా మెట్లు ఎలా ఎక్కానో అడక్కండి.

మర్నాడు సాయంత్రం షాపాయన దగ్గరికి గొడవకే వెళ్లాను. "బాటిల్ మీద రాసుంది కదా సార్, చదువుకున్నోళ్లు కదా" అని ఇంకో సీసా తీశాడు. "పోనీ ఐరన్ టానిక్ వాడండి. విరేచనం నల్లగా అవుతుంది, భయపడకండి."

ఈసారి షాపులో పదిమంది ఉన్నారు. అది మాత్రం ఫోన్ పక్కన పెట్టి, గట్టిగా, విడమరిచి చెప్పాడు.