బైసన్‌కు బ్యాడ్జీ ఇవ్వాలి

చట్టాన్ని అమలు చేసే వ్యవస్థలో పన్నెండు వారాల పాటు సేవలందించిన అనుభవంతో ఒక ప్రతిపాదన చేస్తున్నాను. అమెరికా జాతీయ పార్కుల్లో తిరిగే బైసన్‌లకు, అంటే అక్కడి భారీ అడవి దున్నలకు, వెంటనే రేంజర్ (పార్కు కాపలా అధికారి) హోదా ఇచ్చి, బ్యాడ్జీలు తగిలించాలి. నవ్వేవాళ్లు ఒక వేసవి ఇంటర్న్‌షిప్ చేసి వచ్చి నవ్వండి.

నేనూ ఒకప్పుడు మీలాంటివాణ్ణే. రేంజర్ల దగ్గర ఇంటర్న్ అనగానే గుర్రం, తుపాకీ, కొండ మీద నిలబడి దొంగను పసిగట్టే చూపు ఊహించుకున్నాను. మొదటిరోజు చేతికిచ్చినవి మెరిసే జాకెట్, రేడియో, చెత్త ఏరే కర్ర. తుపాకీ, సంకెళ్లు, జరిమానా టికెట్ల పుస్తకం ప్రత్యేక శిక్షణ పూర్తిచేసిన రేంజర్లకే. ఇంటర్న్‌కు ఉన్న అధికారం ఒకే ఒక్క మాట: "దయచేసి". ఆ వేసవిలో నిద్రలో కూడా అదే అంటున్నానని రూమ్మేట్ ఫిర్యాదు చేశాడు.

చట్టంలో లోపమేమీ లేదు. యెల్లోస్టోన్ పార్కులో ఎలుగుబంటికి, తోడేలుకు 100 గజాలు, బైసన్‌కు 25 గజాలు ఎడంగా ఉండాలి. పార్కుల్లో పువ్వు కోయకూడదు, రాయి జేబులో వేసుకోకూడదు, జంతువులకు తిండి పెట్టకూడదు. కాదని చేస్తే ఆరు నెలల జైలు, 5,000 డాలర్ల జరిమానా దాకా పోవచ్చు. ఇందులో అర్థం కానిదేముంది అనుకున్నాను. అర్థం కానిది గజం. సందర్శకుడి లెక్కలో 25 గజాలంటే ఫోన్ తెరలో బైసన్ మొత్తం పట్టేంత దూరం. "పట్టకపోతే వెనక్కి జరగాలని ఎక్కడ రాశారు?" అని ఒకాయన నన్నే నిలదీశాడు. ఆయన లాయరట.

ఎలుగు రోడ్డు పక్కన కనబడితే కార్లు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. రేంజర్లు దీన్ని బేర్ జామ్ అంటారు. నాకు అప్పగించిన మొట్టమొదటి శాంతిభద్రతల సమస్య అదే. అరగంటకు ఎలుగు విసుగొచ్చి వెళ్లిపోయింది. కార్లు మాత్రం కదల్లేదు. కొత్తగా వచ్చినవాళ్లు ఎలుగు ఇంతకుముందు నిలబడిన గడ్డిని ఫొటోలు తీసుకుంటున్నారు. గడ్డికి ఎన్ని గజాలు పాటించాలో నాకెవరూ నేర్పలేదు.

ఈ బాధ నాతో మొదలు కాలేదు. యెల్లోస్టోన్‌ను 1872లో జాతీయ పార్కు చేశారు గానీ, నిబంధన మీరినవాడికి శిక్ష ఏమిటో రాయడం మరిచారు. 1880లో హ్యారీ యౌంట్ అనే వేటగాణ్ణి కాపలా పెట్టారు. ఇరవై లక్షల ఎకరాల పైచిలుకు అడవి, ఒక్క మనిషి. ఇది ఒక్కడితో అయ్యే పని కాదని రాసిచ్చి, మరుసటి ఏడాదే తప్పుకున్నాడు. ఇంటర్న్‌లందరికీ ఆయనే ఆదిపురుషుడని నా అభిప్రాయం. 1886లో ఏకంగా సైన్యాన్నే దించారు. 1894లో ఒక దొంగవేటగాడు బైసన్‌లను చంపుతూ దొరికితే ఆ సైన్యం చేయగలిగింది అతన్ని పార్కు బయటికి సాగనంపడమే. గోల పత్రికలకెక్కాక, ఆ ఏడాదే శిక్షలతో కూడిన చట్టం వచ్చింది.

మంచివాళ్లతో వచ్చే చిక్కు ఇంకోరకం. 2016లో అక్కడే కొందరు పర్యాటకులు పాపం చలికి వణుకుతోందనుకుని ఒక బైసన్ దూడను కారు వెనకాల ఎక్కించుకుని రేంజర్ల దగ్గరికి తెచ్చారు. రేంజర్లు ఎంత ప్రయత్నించినా మంద దాన్ని మళ్లీ చేర్చుకోలేదు. చివరికి దూడను చంపాల్సొచ్చింది. ఈ కథ చెప్పేటప్పుడు మా రేంజర్ గొంతులో హాస్యం ఉండేది కాదు, నేనూ ఇక్కడ కలపను.

ఇక అరిజోనాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్‌లో రాయిగా మారిన చెక్కముక్కలు ఎత్తుకెళ్లినవాళ్లు, ఇంట్లో కష్టాలు మొదలయ్యాయంటూ క్షమాపణ ఉత్తరాలు జతచేసి తిప్పి పంపుతుంటారు. ఏది ఎక్కణ్నుంచి తీశారో తెలియదు కాబట్టి వాటిని తిరిగి చోట్లో పెట్టలేరు. పక్కన కుప్ప పోస్తారు. కోర్టు చేయలేని పని శాపం చేస్తోంది. కానీ శాపానికి జీతాల పద్దు ఉండదు, అందుకే నా ఓటు బైసన్‌కే.

అర్హతలు చూడండి. పెద్ద మగ బైసన్ 900 కిలోల దాకా తూగుతుంది, గంటకు 55 కిలోమీటర్ల వేగంతో పరిగెడుతుంది. యెల్లోస్టోన్‌లో మనుషుల్ని ఎక్కువగా గాయపరిచిన జంతువు ఇదే. అంటే సర్వీసు రికార్డు కూడా ఉంది. తోక పైకి లేపడమే దాని హెచ్చరిక నోటీసు. నోటీసుకు, తీర్పుకు మధ్య వాయిదాలుండవు. లాయరుకు ఒక రూలు, మామూలు మనిషికి ఒక రూలు ఉండదు. "దయచేసి" అన్న మాట అది ఇంతవరకు వాడలేదు.

ఇదంతా నీటుగా రాసి మా రేంజర్‌కు ఇచ్చాను. ఆవిడ ఓపిగ్గా చదివి ఒక్కటే అడిగింది: "మరి రిపోర్టు ఎవరు రాస్తారు?"

జవాబు ఆ సాయంత్రమే దొరికింది. పార్కింగులో ఒక అద్దెకారు తలుపు మీద బైసన్ తన విధి నిర్వర్తించి వెళ్లిపోయింది. రిపోర్టు మూడు పేజీలు. నేనే రాశాను. 'చర్య తీసుకున్న అధికారి సంతకం' అన్నచోట ఖాళీ వదిలేశాను.