నీళ్ళడగని గడ్డి మీద ఫిర్యాదు

హైదరాబాద్ శివార్లలోని మా విల్లాల సంఘానికి గ్రీనరీ కమిటీ కన్వీనర్ని నేను. ఎన్నికల మీటింగుకి ఇంకెవరూ రాలేదు కాబట్టి ఏకగ్రీవంగా గెలిచాను. ఆ హోదాలో ఒక ముప్పు గురించి హెచ్చరించక తప్పడం లేదు. మూలనున్న విల్లాలో రిటైర్డ్ హెడ్మాస్టారు గోడ పొడుగునా వట్టివేరు నాటారు.

ముందు మా లాన్ సంగతి వినండి. క్లబ్‌హౌస్ ఎదుట వెయ్యి చదరపు మీటర్లు. నర్సరీ అతను చాపలు పరిచినట్టు పరిచేసి ‘మెక్సికన్ గ్రాస్ సార్’ అన్నాడు. మేం పాస్‌పోర్టు అడగలేదు. వేసవిలో రోజుకు అయిదు మిల్లీమీటర్ల తడి చాలన్నాడు. మిల్లీమీటర్లే కదా అని తలూపాం. చదరపు మీటరుకు ఒక మిల్లీమీటరంటే ఒక లీటరని మా పదో తరగతి పిల్లాడు లెక్క కట్టాడు. అంటే రోజుకు అయిదు వేల లీటర్లు, అచ్చంగా ఒక ట్యాంకరు. వాణ్ణి లోపలికెళ్ళి చదువుకోమన్నాం.

ఆ లాన్ మీద నడవకూడదు, కూర్చోకూడదు. బోర్డు కూడా పెట్టాం. ఏప్రిల్ వస్తే ఇళ్ళలో కుళాయిలు గంటసేపే. లాన్‌కు మాత్రం రెండు పూటలా స్ప్రింక్లర్లు. కొత్త అల్లుడికి కూడా ఇంత మర్యాద జరగదు. పార్కు పక్కన చదరపు అడుక్కింత అని డబ్బు కట్టి బెర్ముడా గ్రాస్ కూడా వేయించాం. వినాయక చవితి నాడు పూజారిగారు దాని మీదికి వంగి, గరిక అనుకుని తుంచుకుపోతున్నారు. ఆపబోయాను. ‘గరికేనండీ’ అన్నారు. నిజమే, రెండూ ఒకటేనట. ఆ విషయం మినిట్స్‌లో రాయలేదు.

ఇక ముద్దాయి. వట్టివేరు దుబ్బుగా, నా నడుం దాటి నిలబడింది. తొలకరిలో పిలకలు నాటి, వేళ్ళూనేదాకా నీళ్ళు పోసి వదిలేశారు మాస్టారు. మరుసటి మే నెలలో మా లాన్ అంచులు బీడీ రంగుకు తిరుగుతుంటే ఇది మాత్రం పచ్చగా నిలబడింది. సిగ్గుండాలి. వేళ్ళు పక్కలకు పోకుండా నిలువునా మూడు మీటర్ల దాకా దిగుతాయట. గరికలా పాకదు. మాస్టారు వేసిన రకం గింజ రాల్చి పక్కింట్లో మొలవదు కూడా. పక్కింటివాళ్ళతో తగాదాకైనా పనికిరాని మొక్క వల్ల ఇరుగుపొరుగు ఎలా దగ్గరవుతారు? ట్యాంకరు, ఎరువు, మోవరు, దాని రిపేరు... ఇన్ని పొట్టలు కొట్టి బతికే గడ్డి ఇది.

పైగా పేరులోనే ‘వట్టి’ అని ఒప్పుకుంటోంది. అదే నోటీసులో రాశాను. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చదివి, ‘దీని శాస్త్రీయ నామం క్రైసోపోగాన్ జిజానియాయిడిస్ అని రాసుకో బాబూ, రేటు పెరుగుతుంది’ అన్నారు. అంతటితో ఆగలేదు. కర్ణాటకలో గుండ్లుపేట వైపు రైతులు తరాలుగా దీన్ని పొలం గట్ల మీద పెంచుతున్నారనీ, 1980లలో ప్రపంచ బ్యాంకు నిపుణులు మన దేశంలో నేల కోతకు మందుగా ఈ గడ్డినే నాటమని చెప్పారనీ క్లాసు పీకారు. ప్రపంచ బ్యాంకు అప్పు ఇస్తే తీసుకుంటాం గానీ గడ్డి పెంచమంటే ఎలా?

‘అంత అభ్యంతరమైతే ఒక దుబ్బు పీకించుకో’ అన్నారు చివరికి. మా తోటమాలి గడ్డపార అందుకున్నాడు. అరగంటకు మోకాలి లోతు గొయ్యి పడింది. జడ విప్పినట్టు సన్నటి వేళ్ళు ఇంకా కిందికే పోతున్నాయి. గడ్డపార తగిలినప్పుడల్లా తొలివాన వాసన. చివరికి దొరికినంత తెంపుకుని, కుళాయి కింద మట్టి కడిగి, గోడ మీద ఆరేశాడు. మర్నాడు అవి వాచ్‌మన్ కుండలో తేలాయి.

ఆదివారం వట్టివేరు తొలగింపు మీద మీటింగు. కరెంటు లేదు, క్లబ్‌హౌస్‌లో ఉక్కపోత. ఉన్న ముగ్గురం వాచ్‌మన్ గది నీడకు చేరాం. ట్రెజరరుగారు ఒక గ్లాసు తాగి ఇంకోటి వంచుకున్నారు. నేను మూడు తాగాను, లెక్క కోసం చెబుతున్నాను. కోరం లేదని మీటింగు వాయిదా వేశాం. కుండ ఖాళీ అయ్యిందని వాచ్‌మన్ గొణిగాడు.