చెక్‌బుక్‌కు తాళమేది?

విద్యుత్ కార్ల రేసు ఫార్ములా-ఈ కేసులో, గత ప్రభుత్వంలో పురపాలక మంత్రిగా ఉన్న కేటీఆర్ అరెస్టవుతారా, కారా? తెలంగాణ రాజకీయమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ గిరికీలు కొడుతోంది. 2024 డిసెంబరులో ఏసీబీ కేసు, వెంటనే ఈడీ, హైకోర్టులో చుక్కెదురు, సుప్రీంకోర్టు గడప తొక్కి వెనక్కి రావడం, గంటల తరబడి విచారణలు, 2025 నవంబరులో ప్రాసిక్యూషన్‌కు గవర్నర్ అనుమతి. ఇవన్నీ పాఠకులకు తెలిసినవే. ఆయన దోషో కాదో న్యాయస్థానం చెబుతుంది. ఈ రచ్చలో ఎవరికీ పట్టని ప్రశ్న ఇంకొకటి ఉంది. ఒక పట్టణాభివృద్ధి సంస్థ ఖాతాలోంచి 45 కోట్ల పైచిలుకు విదేశీ రేసు నిర్వాహకులకు అంత తేలిగ్గా ఎలా వెళ్లిపోయింది? రేపు మరో ఆట పేరు చెప్పి, మరో పార్టీ హయాంలో, మళ్లీ అలాగే వెళ్లకుండా ఆపేది ఏమిటి?

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున తొలి రేసు జరిగింది. సచివాలయం, ఎన్టీఆర్ మార్గ్ మీదుగా 2.8 కిలోమీటర్ల ట్రాక్. రోడ్లు మూసేసి నగరవాసికి ట్రాఫిక్ నరకం చూపించారు. ప్రాక్టీసు సమయానికి మామూలు వాహనాలు ట్రాక్ మీదికి వచ్చేసిన విడ్డూరమూ చూశాం. అయినా దేశంలో తొలి ఫార్ములా-ఈ పోటీ జరిగిన నగరమన్న పేరు హైదరాబాద్‌కు దక్కింది, కాదనం. చిక్కంతా రెండో రేసు దగ్గర వచ్చింది. తొలి ఏడాది బాధ్యత మోసిన ప్రైవేటు ప్రమోటరు తప్పుకుంది. నగర ఆర్థిక వ్యవస్థకు దాదాపు 700 కోట్ల మేలు జరిగిందని నేతలు చెప్పుకున్నారు. ఆ మేలు ఎవరికి జరిగిందో గానీ, చేతి డబ్బు పెట్టిన సంస్థకు మాత్రం గిట్టుబాటు కాలేదన్నమాట. అప్పటి పురపాలక శాఖ అక్కడ ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించకపోగా, ప్రైవేటు సంస్థ ఖాళీ చేసిన కుర్చీలో హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ)ను కూర్చోబెట్టింది.

ఆ తర్వాతి కథ ఏసీబీ ఎఫ్‌ఐఆర్‌లో ఉంది. దాని ప్రకారం 2023 అక్టోబరు మొదటి పక్షంలోనే రెండు దఫాలుగా డబ్బు వెళ్లింది. ఒప్పందం మీద సంతకాలు పడ్డది అక్టోబరు 30న. అంటే ముందు డబ్బు, తర్వాత కాగితం! ఈ మధ్యలో అక్టోబరు 9నే ఎన్నికల కోడ్ కూడా వచ్చేసింది. పది కోట్లు దాటే ఖర్చుకు ప్రభుత్వ అనుమతి కావాలన్న నిబంధనను పక్కన పెట్టారని, ఆర్థిక శాఖనూ మంత్రివర్గాన్నీ అడగలేదని అభియోగం. పన్నులు కలిపితే భారం 55 కోట్ల దగ్గరికి చేరింది. డిసెంబరులో ప్రభుత్వం మారింది, జనవరిలో రేసు రద్దయింది. ఇదంతా జరగని రేసుకు కట్టిన సొమ్ము.

డబ్బు నేరుగా నిర్వాహకులకే ముట్టింది, ఎవరి జేబులోకీ రూపాయి పోలేదు, రేసును రద్దు చేసి నష్టం తెచ్చింది కాంగ్రెస్ సర్కారే, ఇది రాజకీయ కక్ష అని బీఆర్‌ఎస్ వాదిస్తోంది. వాదించుకోనివ్వండి. ఎవరూ లంచం తినలేదనే అనుకుందాం. అప్పుడు మరింత భయపడాలి. లంచం కూడా అక్కర్లేకుండానే, కేవలం పేరు కోసం, ఫైలు దారి తప్పించి ఇంత సొమ్ము కదిలించవచ్చని తేలినట్టు కదా.

హెచ్‌ఎండీఏ డబ్బంటే ఎవరిది? ఘట్‌కేసర్‌లోనో శంకర్‌పల్లిలోనో లేఔట్‌కూ, ఇంటికీ అనుమతి కోసం జనం కట్టే ఫీజులు, కోకాపేటలో ఎకరా వంద కోట్లకు పోయిందని గొప్పగా చెప్పుకున్న భూముల వేలం రాబడి. సొంతిల్లు కట్టుకునే సామాన్యుడి ఫైలులో ఒక్క కాగితం తగ్గితే నెలల తరబడి తిప్పే వ్యవస్థ ఇది. దీనికి అధ్యక్షుడు ముఖ్యమంత్రి. జనం నేరుగా ఎన్నుకున్న కౌన్సిల్ అనేదే దీనికి లేదు. ఖర్చు మీద నిలదీసే కార్పొరేటరు ఉండడు, సభలో వాకౌట్ చేసే ప్రతిపక్షం ఉండదు. అందుకే ప్రభుత్వంలో ఎవరున్నా వాళ్ల కన్ను ముందుగా ఈ ఖజానా మీదే పడుతుంది.

ఇది మనకు తొలి అనుభవం కూడా కాదు. ఆఫ్రో-ఏషియన్ క్రీడలకు హైదరాబాద్ ముస్తాబవుతున్న 2003 ఆగస్టులో అప్పటి చంద్రబాబు ప్రభుత్వం ఐఎంజీ భారత అనే, అప్పుడే పుట్టిన కంపెనీతో ఒప్పందం చేసుకుంది. క్రీడా అకాడమీల పేరుతో నగరం చుట్టుపక్కల 850 ఎకరాలు రాసిచ్చేందుకు సిద్ధపడింది. అదీ ఎన్నికల ముంగిటే. 2006లో వైఎస్ ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. ఆ రద్దు సరైనదేనని హైకోర్టు చెప్పింది ఎప్పుడు? 2024 మార్చిలో. ఒక్క సంతకాన్ని చెరపడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఆ భూమిలో భాగమే కంచ గచ్చిబౌలి 400 ఎకరాలు. 2025 వసంతంలో బుల్డోజర్లు దిగి, సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు లాఠీలు తిని, చివరికి సుప్రీంకోర్టు తనంత తానుగా జోక్యం చేసుకుని ఆపాల్సి వచ్చింది ఆ నేల మీదే. ఆటల కోసమని ఇచ్చిన చోట ఏ ఆటా జరగలేదు.

2003లో భూమి, 2023లో నగదు. రెండుసార్లూ అంతర్జాతీయ క్రీడ, నగరం పేరు ప్రతిష్ఠలు అన్న సాకే. రెండుసార్లూ ఎన్నికలు తలుపు తడుతున్న వేళే. రెండుసార్లూ సంతకం పెట్టిన ప్రభుత్వం దిగిపోయింది, బరువు జనం నెత్తిన మిగిలింది. పార్టీలు మాత్రం వేరు. అందుకే దీన్ని ఒక్క మనిషి తప్పుగా చూపించే ప్రయత్నాన్ని మేము ఒప్పుకోం.

కేసుతో అంతా చక్కబడుతుందని నమ్మేవారు ఢిల్లీ వైపు చూడాలి. 2010 కామన్వెల్త్ క్రీడల కుంభకోణమని దేశం ఊగిపోయింది, నిర్వాహక కమిటీ అధ్యక్షుడు సురేశ్ కల్మాడీ తీహార్ జైలుకు వెళ్లారు. 2025 ఏప్రిల్‌లో మనీలాండరింగ్ కేసును మూసేస్తామన్న ఈడీ నివేదికను కోర్టు ఆమోదించింది. పదిహేనేళ్ల తర్వాత మిగిలిందేమిటి? ఇప్పుడు 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు వచ్చాయి, 2036 ఒలింపిక్స్ కోసం దేశం పోటీలో ఉంది.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం కూడా 2026 కామన్వెల్త్ క్రీడలకు ఒప్పుకుని, 2023 జులైలో చేతులెత్తేసింది. పరిహారంగానే 38 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు చెల్లించింది. మనకంటే ఎన్నో రెట్లు పెద్ద తప్పు. అయితే ఎనిమిది నెలలు తిరిగేసరికి ఆ రాష్ట్ర ఆడిటర్ జనరల్ మొత్తం ఖర్చు 58.9 కోట్ల డాలర్లని లెక్క తేల్చి జనం ముందు పెట్టారు. చట్టసభ కమిటీ విచారించింది. మన దగ్గర లెక్క ఎఫ్‌ఐఆర్‌లోంచి ఏరుకోవాలి, లేదా ప్రెస్‌మీట్‌లో వినాలి.

ఇక ప్రస్తుత ప్రభుత్వం సంగతి. 2025 డిసెంబరు 13న ఫుట్‌బాల్ దిగ్గజం మెస్సి ఉప్పల్‌ స్టేడియానికి వచ్చారు. ముఖ్యమంత్రి స్వయంగా జెర్సీ తొడుక్కుని బంతి తన్నారు. అదే రోజు కోల్‌కతాలో కుర్చీలు విరిగి, ఆ రాష్ట్ర క్రీడా మంత్రి పదవి వదులుకోవాల్సి రాగా, ఇక్కడ కార్యక్రమం సాఫీగా సాగిపోయింది. సంతోషం. మరి సింగరేణి సొమ్ము ఈ సంబరానికి మళ్లించారని విపక్షం ఆరోపించినప్పుడు, ఫార్ములా-ఈ మీద రోజూ లెక్కలు అడిగే నోళ్లు ఎందుకు అంత పొడిపొడిగా జవాబిచ్చాయి? బొగ్గు గనుల సంస్థయినా హెచ్‌ఎండీఏ అయినా, అది సర్కారు పెద్దల జేబు ఖర్చుకు పెట్టిన ఖాతా కాదు. 2036 ఒలింపిక్స్‌లో కనీసం రెండు క్రీడాంశాలు మాకివ్వండని కేంద్రాన్ని అడిగింది కూడా ఈ ముఖ్యమంత్రే. అడగడంలో తప్పులేదు. అవి వస్తే సంతకాలు పెట్టేది ఎవరు, ఏ ఖాతా నుంచి, ఎవరిని అడిగి?

కావాల్సింది ఏమీ బ్రహ్మవిద్య కాదు. అంతర్జాతీయ పోటీకి ప్రభుత్వమో దాని సంస్థో డబ్బు గానీ భూమి గానీ ఇవ్వాలంటే మంత్రివర్గం ఆమోదం, ఆర్థిక శాఖ సంతకం ముందుండాలి. ఒప్పందం ప్రతి, అందులో రద్దయితే ఎవరు ఎంత కట్టాలన్న షరతుతో సహా, డబ్బు కదలకముందే జనానికి అందుబాటులో ఉండాలి. శాసనసభ ముందుకు రావాలి. ఎన్నికలకు ఆరు నెలల ముందు నుంచి ఇలాంటి కొత్త సంతకాలు పూర్తిగా బంద్. వాణిజ్య రహస్యం అన్న వంక చెల్లదు. రహస్యంగా ఉంచాల్సిన బేరమైతే ప్రైవేటు సంస్థలే చేసుకోనివ్వండి.

రేవంత్ ప్రభుత్వం ఈ కేసు గురించి మాట్లాడినంతలో పదో వంతైనా ఈ కట్టుబాటు గురించి మాట్లాడలేదు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. కేసు ప్రత్యర్థికి సంకెళ్లు వేస్తుంది, నిబంధన తన చేతికే వేస్తుంది. బీఆర్‌ఎస్ కూడా అడగదు, రేపు మళ్లీ ఆ కుర్చీ తమదేనన్న ఆశ దానిది. వచ్చే అసెంబ్లీ సమావేశాల్లో బిల్లు పెట్టండి. అది చేతకాకపోతే, మైకు దొరికినప్పుడల్లా 55 కోట్లు, 55 కోట్లు అని అరవడమైనా మానండి.