వైర్‌లెస్ కెమెరాకీ ఒక వైరు ఉంటుంది

గతవారం మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. నాలుగు గ్రూపులు తిరిగొచ్చిన సరుకే. అందులో ఉన్నది ఇదీ: "సీసీ కెమెరాలకు వైర్లు లాగించి గోడలు పాడుచేసుకోకండి. వైఫై కెమెరాకి వైరే ఉండదు. కరెంటు పోయినా పనిచేస్తుంది. కట్ చేయడానికి ఏమీ లేదు కాబట్టి దొంగ ఏమీ చేయలేడు. నెట్ లేని చోట సిమ్ కెమెరా పెట్టుకుంటే సరి." ఊళ్లో ఒక్కతే ఉండే మా పిన్ని అది చూసి వెంటనే ఒకటి ఆర్డర్ పెట్టమంది. కాస్త ఆగు పిన్నీ అన్నాను.

"వైరే ఉండదు." బ్యాటరీవి, సోలార్‌వి తప్పిస్తే దాదాపు ప్రతి వైఫై కెమెరాకీ అడాప్టర్ ఉంటుంది, దానికి ప్లగ్ పాయింట్ కావాలి. గేటు దగ్గర ప్లగ్ పాయింట్ ఎన్ని ఇళ్లలో ఉంది? లేకపోతే అక్కడిదాకా కరెంటు వైరు లాగాల్సిందే. లాగేదేదో క్యాట్‌6 నెట్‌వర్క్ కేబుల్ లాగితే, పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్) పద్ధతిలో కరెంటూ వీడియో రెండూ అందులోనే వెళ్తాయి, 100 మీటర్ల వరకు. (అసలు రాగి కేబులే అడగండి. రాగి పూత పూసిన అల్యూమినియం అంటగట్టేవాళ్లు ఉన్నారు.) ఇక బ్యాటరీ కెమెరాలు చాలావరకు కదలిక ఉంటేనే నిద్రలేస్తాయి. ఒక్కోసారి మనిషి సగం దాటిపోయాక.

"కరెంటు పోయినా పనిచేస్తుంది." ఇక్కడే నా చెయ్యి కాలింది. నాన్నగారింట్లో మొదట నేనూ వైఫైవే పెట్టాను, ఇన్వర్టర్ ఉందిలే అన్న ధీమాతో. ఒక రాత్రి యాప్ తెరిస్తే రెండు కెమెరాలూ ఆఫ్‌లైన్. టెన్షన్‌తో ఫోన్ చేస్తే, "ఏం కాలేదురా, కరెంటు పోయింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది" అన్నారు. ఫ్యానైతే తిరుగుతోంది సరే, ఇన్వర్టర్ లైను ఇచ్చింది ఫ్యాన్లకీ లైట్లకే. రౌటర్ ప్లగ్గు ఆ లైన్లో లేదు, కెమెరాలవీ లేవు. వైఫై అయితే ఒక్కో కెమెరాకీ విడిగా బ్యాకప్ చూడాలి. పీఓఈ అయితే పీఓఈ స్విచ్ (కెమెరా కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె), వీడియో దాచే రికార్డర్, రౌటర్, ఫైబర్ డబ్బా అన్నీ ఒకచోట పెట్టి ఒక్క యూపీఎస్‌కి తగిలిస్తే చాలు, కెమెరాలన్నీ దాని మీదే నడుస్తాయి. మీ ఇంట్లో సంగతి తెలియాలంటే మెయిన్ స్విచ్ దించి యాప్ తెరవండి.

"దొంగ ఏమీ చేయలేడు." వైఫై సిగ్నల్‌ని తెంపడానికి కత్తెర అక్కర్లేదు. కెమెరాను రౌటర్ నుంచి విడగొట్టే దొంగ సందేశాలు గాల్లోకి వదలొచ్చు. దీన్ని అడ్డుకునే ప్రమాణం 2009లోనే వచ్చింది, కొత్త తరం వైఫై భద్రతా పద్ధతి డబ్ల్యూపీఏ3లో తప్పనిసరి కూడా చేశారు. చౌక కెమెరాలన్నిటిలో మాత్రం అది ఉండదు. అయినా మన వీధి దొంగ ఇంత చదువు చదివొస్తాడని భయపెట్టను. బయట మీటరు దగ్గర ఫ్యూజు పీకితే చాలు, అతనికి పని సులువైపోతుంది. లేదా రికార్డర్‌నే చంకన పెట్టుకుపోతాడు. అందుకే కేబుల్ వేయించుకున్నా, ఆ రికార్డర్‌ను టీవీ కింద కాక తాళం పడే అల్మరాలో పెట్టాలి, గాలి ఆడేలా. పాస్‌వర్డ్ కూడా మార్చాలి: 2016లో మిరాయ్ వైరస్ కంపెనీ పాస్‌వర్డ్ మార్చని రికార్డర్లలోకీ కెమెరాల్లోకీ దూరింది. వైరున్నవి, లేనివి అని అది చూడలేదు.

"సిమ్ కెమెరా పెట్టుకుంటే సరి." లెక్క వేద్దాం. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున రోజంతా పంపితే 10.8 జీబీ. రోజుకు 2 జీబీ ప్యాక్‌తో అయిదు గంటలు కూడా రాదు. రికార్డింగ్ మెమరీ కార్డులో చేసుకుంటూ, అలర్టుకీ అప్పుడప్పుడు చూసుకోడానికీ మాత్రమే సిమ్ వాడితే మామిడితోటకీ, కడుతున్న ఇంటికీ బాగా పనికొస్తుంది. దొంగ దూరితే సిమ్ ద్వారా ఫోనుకు కబురు పంపే పాత జీఎస్ఎం అలారం పెట్టెలతో ఇంకో చిక్కు. 2జీ మాత్రమే తెలిసిన పెట్టెలో జియో సిమ్ వేస్తే పలకదు, జియోకి 2జీయే లేదు. అమెరికాలో 2022లో 3జీ ఆపేసినప్పుడు ఎంతోమంది అలారం పెట్టెలు మార్చుకోవాల్సి వచ్చింది.

వైఫై కెమెరా దండగని కాదు. అద్దె ఇంటికీ, రౌటర్ ఉన్న హాల్లోకీ అదే హాయి. పిన్ని హాల్లో అదే పెడుతున్నాం. గేటుకీ పెరటికీ మాత్రం కేబుల్. గోడకు మేకు దిగితే సున్నం రాలుతుందని సణుగుతోంది కాబట్టి, బయటి గోడ మీదుగా పీవీసీ పైపులో తెమ్మన్నాను.